క్యాన్సర్ రోగి వెంట నడిచే ఉద్యోగిని నియమించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

క్యాన్సర్ వైద్యానికి సంబంధించి మీ బల్ల మీదికి వచ్చే దస్త్రాల్లో ఎక్కువ భాగం భవనాల గురించో, యంత్రాల గురించో, మందుల కొనుగోళ్ల గురించో ఉంటాయి. అవన్నీ అవసరమైనవే. ఆ దస్త్రాల్లో ఎక్కడా కనిపించని ఒక ఉద్యోగం గురించి నేను ఈ లేఖ రాస్తున్నాను. క్యాన్సర్ చికిత్స అందించే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ పేషెంట్ నావిగేటర్ పోస్టులు మంజూరు చేయండి. గేటు దగ్గర దారి చూపించే సిబ్బందితోనో, వీలున్నప్పుడు వచ్చి వెళ్లే స్వచ్ఛంద సేవకులతోనో సరిపెట్టవద్దు. అనుమానం వచ్చిన రోజు నుంచి చికిత్స పూర్తయ్యే రోజు వరకు "ఈ రోగి నా బాధ్యత" అని చెప్పగలిగే మనుషులు కావాలి. వారికి జీతం, శిక్షణ, అధికారం మూడూ ఉండాలి.

నేను క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేశాను. ఆ ఏళ్లలో ఎన్నో మరణాలు చూశాను. మందుకు లొంగని కణితిని చూసినప్పుడు దుఃఖం కలిగేది కానీ కోపం వచ్చేది కాదు. కోపం వచ్చింది వేరే చోట. మందు ఉంది, డాక్టరు ఉన్నారు, పడక ఖాళీగా ఉంది, రోగి మాత్రం రాలేదు. కీమో రెండో విడతకో (సైకిల్‌కో) మూడో విడతకో రావలసిన మనిషి పేరు పొద్దున జాబితాలో ఉంటుంది, సాయంత్రానికి దాని మీద గీత పడుతుంది. ఎందుకు రాలేదో కనుక్కునేవారు ఉండరు. డాక్టరు ముందు మరో రోగి కూర్చుని ఉంటారు, నర్సు ఇంకో సెలైన్ సీసా మార్చే హడావిడిలో ఉంటుంది. వీరెవరినీ నిర్లక్ష్యపరులు అనలేం. ఆ పని ఎవరి విధుల్లోనూ రాసి లేదు.

బయటి నుంచి చూసేవారికి క్యాన్సర్ చికిత్స అంటే ఆపరేషన్, కీమో, రేడియేషన్. వాటి మధ్య ఎన్ని మెట్లు ఉంటాయో ఎక్కినవారికే తెలుసు. అందులో ఒక్క మెట్టు గురించి వివరంగా చెబుతాను. రొమ్ములో గడ్డ కనిపించిన మహిళకు ఒక చోట బయాప్సీ చేస్తారు. క్యాన్సర్ అని రిపోర్టు వస్తుంది. ఆమె ఆ కాగితం పట్టుకుని పెద్ద ఆసుపత్రికి వెళుతుంది. అక్కడ అడిగే మొదటి ప్రశ్న: "బ్లాకులు, స్లైడ్లు తెచ్చారా?" ఆమె సంచిలో రిపోర్టు ఉంది, స్కానింగ్ ఫిల్ములు ఉన్నాయి, మందుల చీటీలు ఉన్నాయి. బ్లాకు అంటే ఏమిటో ఆమెకు తెలియదు. బయాప్సీలో తీసిన ముక్కను మైనంలో పొదిగి, చిన్న ప్లాస్టిక్ క్యాసెట్‌కు అంటించి భద్రపరుస్తారు. అదే బ్లాకు. కణితి హార్మోన్లకు స్పందిస్తుందో చూసే హార్మోన్ రిసెప్టర్ల పరీక్ష, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందో చూసే పరీక్ష చేయాలంటే ఆ మైనం ముక్క నుంచే పలుచని పొరలు కోయాలి. ఆ ఫలితాలు రాకుండా ఏ మందు పనిచేస్తుందో డాక్టరు తేల్చలేరు. ఆ బ్లాకు మొదట పరీక్ష చేసిన ల్యాబు అలమారాలో ఉంటుంది. అడిగితే ఇస్తారు, అడగాలని ఆమెకు చెప్పినవారు లేరు.

ఇక ఆమె వెనక్కి వెళ్లాలి, దరఖాస్తు రాయాలి. ఆ రోజు ఇవ్వవలసినవారు సెలవులో ఉంటే ఇంకోసారి వెళ్లాలి. తీసుకుని వచ్చాక పరీక్షకు పంపాలి, ఫలితం కోసం ఆగాలి, మళ్లీ ఓపీలో వరుసలో నిలబడాలి. వారాలు గడిచిపోతాయి, వైద్యపరంగా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. రిపోర్టు వచ్చిన రోజే ఆమెకు ఒక ఫోను వచ్చి, "అమ్మా, పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు ల్యాబు నుంచి బ్లాకులు కూడా తీసుకెళ్లండి, ఎవరిని అడగాలో నేను చెబుతాను" అని ఉంటే ఈ తిరుగుడంతా తప్పేది. నేను కోరుతున్న ఉద్యోగి చేసే పని అదే.

ఇలాంటి మెట్లు అడుగడుగునా ఉన్నాయి. నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ ఇచ్చే ముందు దంత పరీక్ష జరగాలి. బాగుచేయలేని పళ్లను ముందే తీసి, ఆ గాయం మానడానికి రెండు వారాలైనా వ్యవధి ఇవ్వాలి. రేడియేషన్ తర్వాత పన్ను తీయాల్సి వస్తే దవడ ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఆఖరి నిమిషంలో గుర్తుకు వస్తే రేడియేషన్ తేదీ వాయిదా పడుతుంది. డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ లాంటి క్యాన్సర్ మందులు గుండెను దెబ్బతీయవచ్చు కాబట్టి ముందుగా ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాలి. పిల్లల్ని కనాలనుకునే వయసువారితో అండాలు, వీర్యం భద్రపరచుకునే విషయం కీమో మొదలుకాక ముందే మాట్లాడాలి. తర్వాత మాట్లాడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఏ విభాగానికి ఆ విభాగం తన పని సక్రమంగానే చేస్తుంది. ఒక విభాగం గుమ్మం దాటి మరో గుమ్మం తొక్కే లోపు ఆ రోగి ఎవరి రోగో చెప్పగలిగేవారు లేరు.

ఒక గుమ్మానికీ మరో గుమ్మానికీ మధ్య పోయే ఈ సమయం ఎంత ఖరీదైనదో లెక్కలు ఉన్నాయి. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ఏడు రకాల క్యాన్సర్ల మీద జరిగిన 34 అధ్యయనాలను, 12 లక్షలకు పైగా రోగుల సమాచారాన్ని పరిశీలించింది. ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణించే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని తేల్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ మొత్తం ఎనిమిది వారాల లోపు ముగియాలన్నది వైద్యులందరికీ తెలిసిన నియమం. మధ్యలో రోజులు తప్పిపోయి గడువు సాగితే వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోగి మొదటిసారి వైద్యుల దగ్గరికి వచ్చిన 60 రోజుల్లోపు నిర్ధారణ పూర్తికావాలని, కనీసం 80 శాతం మంది చికిత్సను చివరిదాకా పూర్తిచేయాలని లక్ష్యాలు పెట్టింది. మన ఆసుపత్రుల్లో ఈ రెండు లెక్కలూ ఎవరు రాస్తున్నారు? ఎంతమందికి కీమో ఇచ్చామన్న రిజిస్టరు ఉంటుంది. మొదలుపెట్టి మానేసినవారి రిజిస్టరు నేను పనిచేసిన చోట కనిపించలేదు.

నావిగేటర్ అన్న ఆలోచన ఒక సర్జన్ ఆవేదనలోంచి పుట్టింది. న్యూయార్క్ నగరంలోని హార్లెం ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ హెరాల్డ్ ఫ్రీమన్ దగ్గరికి పేద నల్లజాతి మహిళలు రొమ్ము క్యాన్సర్ బాగా ముదిరాక వచ్చేవారు. 1986తో ముగిసిన 22 ఏళ్లలో అక్కడ చికిత్స పొందిన 606 మంది వివరాలు ఆయన ప్రకటించారు. మొదటి దశలో వచ్చినవారు 6 శాతం. మూడు, నాలుగు దశల్లో వచ్చినవారు 49 శాతం. ఐదేళ్లు బతికినవారు 39 శాతం. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అధ్యక్షుడిగా ఉండగా ఆయన పేద రోగుల గోడు వినే బహిరంగ విచారణలు జరిపించారు. 1990లో హార్లెంలోనే నావిగేషన్ కార్యక్రమం మొదలుపెట్టారు. పరీక్షలో అనుమానం తేలిన మహిళ పక్కనే ఒక మనిషి నిలబడి, ఆమె భయం ఏమిటో, అడ్డంకి ఏమిటో అడిగి, దాన్ని తొలగించి, తర్వాతి గదికి చేర్చాలి. ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో రొమ్ము పరీక్షలు చేసే ఏర్పాటు కూడా తోడైంది. 1995 నుంచి 2000 వరకు అదే ఆసుపత్రికి వచ్చిన 325 మందిలో 41 శాతం తొలి దశల్లోనే వచ్చారు, ముదిరిన దశల్లో వచ్చినవారు 21 శాతానికి తగ్గారు, ఐదేళ్ల మనుగడ 70 శాతానికి చేరింది. ఈ ఘనత మొత్తం నావిగేటర్లదే అని నేను అనను, ఉచిత పరీక్షల వాటా కూడా పెద్దదే. అయితే పరీక్షలో అనుమానం వచ్చినవారిని చికిత్స దాకా చేర్చేవారు లేకపోతే ఆ పరీక్ష కాగితం ఇంట్లో పెట్టెలో మిగిలిపోతుంది.

మీ అధికారులు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. సోషల్ వర్కర్లు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. ఆర్థిక సాయం దరఖాస్తులతోనే వారికి పొద్దుగూకుతుంది. హెల్ప్ డెస్క్ పెట్టాం కదా అంటారు. హెల్ప్ డెస్క్ వచ్చి అడిగినవారికే జవాబు చెబుతుంది, రానివారిని వెతుక్కుంటూ వెళ్లదు. నర్సులకే ఈ పని అప్పగిద్దాం అంటారు. దయచేసి ఆ పని చేయవద్దు. ఒక చేత్తో ఇంజెక్షన్, మరో చేత్తో ఫోను పట్టుకోమంటే రెండూ పాడవుతాయి. నర్సుల్లోంచి కొందరిని ఎంపిక చేసి, వార్డు విధుల నుంచి పూర్తిగా తప్పించి నావిగేటర్లుగా నియమిస్తే మంచిదే. వైద్య నేపథ్యం లేనివారు కూడా సరైన శిక్షణతో ఈ పని చక్కగా చేయగలరు. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ "కేవట్" పేరుతో ఇలాంటి నావిగేటర్లను తయారుచేసే కోర్సును టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి మొదలుపెట్టింది. పాఠ్యాంశాలు కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేదు.

నావిగేటర్‌కు అధికారం ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఉంది. అమెరికాలోని క్యాన్సర్ కేంద్రాల్లో అక్యూర్ పేరుతో ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2019లో వెలువడ్డాయి. తొలి దశ రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి ఎవరైనా అపాయింట్‌మెంటుకు రాకపోయినా, చికిత్సలో తర్వాతి ఘట్టం అనుకున్న సమయానికి జరగకపోయినా కంప్యూటర్ వెంటనే నావిగేటర్‌ను హెచ్చరించేది. ఆమె ఫోను చేసేది, కారణం కనుక్కునేది, డాక్టర్ల బృందంతో మాట్లాడేది. నల్లజాతి రోగుల్లో చికిత్స పూర్తిచేసినవారు అంతకుముందు దాదాపు 80 శాతం ఉండగా, ఈ పద్ధతిలో 88 శాతం దాటారు. శ్వేతజాతి రోగుల్లో సైతం మెరుగుదల కనిపించి, రెండు వర్గాల మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది. అపాయింట్‌మెంట్ల జాబితా చూసే వీలు, తేదీ ముందుకు జరపమని అడిగే హక్కు, డాక్టర్లు కేసులు చర్చించే ట్యూమర్ బోర్డులో ఒక కుర్చీ నావిగేటర్‌కు ఉండాలి. ఇవి లేకపోతే ఆ ఉద్యోగి రోగితోపాటు వరుసలో నిలబడి ఓదార్చే మనిషిగానే మిగిలిపోతారు.

నిధులు పరిమితమన్నది నిజమే. అందుకే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వివిధ కేంద్రాల్లో పదివేల మందికి పైగా రోగులతో జరిపించిన పరిశోధనలో, మామూలుగానే నిర్ధారణ త్వరగా జరిగే చోట్ల నావిగేటర్ల వల్ల పెద్ద తేడా రాలేదు. ఆలస్యం ఎక్కువగా ఉన్న కేంద్రాల్లో, తొలి మూడు నెలల్లో పరీక్షలు పూర్తికాక వెనకబడినవారి విషయంలో ప్రయోజనం స్పష్టంగా కనిపించింది. రోగులు ఎక్కువగా జారిపోతున్న ఆసుపత్రులను గుర్తించి తొలి పోస్టులు అక్కడ ఇవ్వండి. పేరున్న పెద్ద సంస్థలో ప్రారంభోత్సవం చేసి ఫొటో దిగడం సులభమే కానీ, అవసరం ఉన్నది అక్కడ కాదు. నిధులు గ్రాంటు రూపంలో వచ్చి ఆగిపోయేలా ఉండకూడదు. అమెరికాలో 2005లోనే నావిగేటర్ల కోసం చట్టం వచ్చినా, వృద్ధుల బీమా పథకమైన మెడికేర్ ఈ సేవకు విడిగా చెల్లించడం 2024లో గానీ మొదలవలేదు. అన్నేళ్లూ చాలా కార్యక్రమాలు ఏడాదికేడాది విరాళాల మీద నెట్టుకొచ్చాయి. మనం ఆ దారిన పోనక్కర్లేదు.

ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో కూడా ఆలోచించండి. కీమో తీసుకున్న వారం, రెండు వారాల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చిందంటే ఆగకుండా ఆసుపత్రికి రావాలి, వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. డిశ్చార్జి కాగితంలో ఈ ముక్క రాసే ఉంటుంది. భయంలో, అలసటలో చదివిన కాగితం ఎవరికి గుర్తుంటుంది? మామూలు జ్వరమే అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నవారిని మర్నాడు స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చిన సందర్భాలు నాకు తెలుసు. పదో రోజున "జ్వరం చూసుకుంటున్నారా? ఇంట్లో థర్మామీటర్ ఉందా?" అని అడిగే గొంతు ఒకటి ఉండాలి. చికిత్స ఇక పనిచేయదని తేలిన రోగినీ అలా వదిలేయకూడదు. నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగానికి చేర్చే వరకు నావిగేటర్ బాధ్యత తీరదు.

మీరు జారీ చేయబోయే ఉత్తర్వులో నాలుగు మాటలు స్పష్టంగా ఉండాలని వేడుకుంటున్నాను. నావిగేటర్ పని బయాప్సీకి సిఫారసు చేసిన రోజునే మొదలుకావాలి. ఒక్కొక్కరు ఎంతమంది రోగులను చూడాలో పరిమితి ఉండాలి, లేకపోతే ఏడాది తిరగకుండానే ఇది మరో రిజిస్టరు నింపే ఉద్యోగం అవుతుంది. వారికి ఇతర కార్యాలయ పనులు అప్పగించరాదని నిషేధం రాయాలి. చికిత్స మధ్యలో మానేసినవారి సంఖ్య, మానడానికి కారణం ప్రతి ఆసుపత్రీ ప్రతి మూడు నెలలకూ మీ శాఖకు పంపాలి, మీ శాఖ వాటిని ప్రజలందరికీ కనిపించేలా ప్రకటించాలి.

రాబోయే బడ్జెట్ ప్రతిపాదనలు ఖరారయ్యే లోపు ఈ విషయంపై ఒక సమావేశం పిలవండి. వైద్యులతోపాటు కీమో వార్డు నర్సులను, చికిత్స పూర్తిచేసినవారిని, మధ్యలో మానేసినవారి కుటుంబ సభ్యులను కూడా పిలవండి. ఎందుకు మానేశారో వారినే అడగండి. పిలిస్తే నేను కూడా వస్తాను.

భవదీయురాలు,
క్యాన్సర్ వార్డులో పనిచేసిన ఒక నర్సు