పెట్రోలులో ఎథనాల్ ఎంతుందో బంకు దగ్గర రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

పెట్రోలులో ఇరవై శాతం ఎథనాల్ (చెరకు, నూకల వంటివాటి నుంచి తీసే ఆల్కహాల్) కలపడం గురించి మీ పత్రికలో కొంతకాలంగా వస్తున్న వార్తలూ, పాఠకుల ఉత్తరాలూ శ్రద్ధగా చదువుతున్నాను. రాసినవారిలో ఎక్కువమంది కొత్త కార్ల మైలేజీ గురించే బాధపడ్డారు. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్‌తో నడిచే పాత బండ్ల ఊసు ఎవరూ ఎత్తలేదు కనుక, మద్రాసులో తయారైన ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారును నెల్లూరులో ఉంచుకొని, దాని ట్యూనింగ్ పని చాలావరకు నా చేతులతోనే చేసుకునే పాఠకుడిగా ఆ లోటు పూరించాలనిపించింది. నా విన్నపం మొదటే చెబుతాను. ప్రతి బంకులోనూ పంపు మీద, ఇచ్చే రసీదు మీద ఎథనాల్ శాతం తెలుగులో స్పష్టంగా ముద్రించాలి. నెల్లూరు, ఒంగోలు వంటి జిల్లా కేంద్రాల్లో కనీసం ఒక్కో బంకులోనైనా ఎథనాల్ తక్కువగా ఉన్న పెట్రోలు దొరకాలి.

హెరాల్డ్ పేరు వినని యువ పాఠకుల కోసం రెండు మాటలు. బ్రిటన్‌లో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ పేరుతో వచ్చిన ఈ చిన్న కారుకు రూపం ఇచ్చినది ఇటలీకి చెందిన మిచెలోట్టి. 1948లో మద్రాసులో ఏర్పడిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ దీనిని 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది, తరువాత మన దేశం కోసమే ప్రత్యేకంగా నాలుగు తలుపుల రకాన్ని కూడా తెచ్చింది. ఇంజన్ 948 సీసీలది. నాలుగు సిలిండర్లు, ఒక్కోదాని బోరు (లోపలి వ్యాసం) 63 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 76 మిల్లీమీటర్లు. పాతిక అడుగుల చోటులో గుండ్రంగా తిరిగి వచ్చేస్తుంది కాబట్టి మూలాపేట సందుల్లో ఈనాటి చిన్న కార్లు వెనక్కూ ముందుకూ పోతూ అవస్థపడే మలుపుల్లో ఇది ఒక్క తిప్పుతో బయటపడుతుంది. ముందు మడ్‌గార్డులతో సహా బానెట్ మొత్తం ముందుకు వాలిపోతుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. మెకానిక్ నడుము గురించి ఇంతగా ఆలోచించి చేసిన కారు మరొకటి నేను చూడలేదు. మద్రాసు దగ్గర కావడం వల్ల మన వైపు వీటికి విడిభాగాల కరువు ఎన్నడూ రాలేదు. ఇప్పటికీ గ్యాస్కెట్టో, కార్బురేటర్ కిట్టో కావలసివస్తే ఉదయం రైలెక్కి మద్రాసులోని పాత విడిభాగాల బజారు పుదుపేట వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

ఎథనాల్ చేసే పనేమిటో అర్థం కావాలంటే ఇలాంటి ఇంజన్‌ను ట్యూన్ చేసే క్రమం కొంచెం తెలియాలి. బండి మిస్సింగ్ కొడుతోందని తీసుకెళ్తే చాలామంది మెకానిక్కులు స్క్రూడ్రైవర్ పట్టుకుని నేరుగా కార్బురేటర్ మీద పడతారు. అది చివర చేయవలసిన పని. మొదట టాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు), తరువాత పాయింట్లు (ప్లగ్గుకు వెళ్లే కరెంటును కలిపి తెంచే కొనలు), ఆ తరువాత టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం), అవన్నీ కుదిరాకే కార్బురేటర్. టాపెట్ల గ్యాప్ ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు అంగుళంలో వెయ్యింట పది వంతులు, అంటే పది థౌ. ప్లగ్గులు నాలుగూ విప్పి, టాప్ గేరు వేసి కారును చేత్తో నెమ్మదిగా తోస్తే ఇంజన్ తిరుగుతుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో వాల్వు గ్యాప్ చూడాలి, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది చూడాలి. తెరుచుకున్న వాల్వు సంఖ్య, సరిచేసే వాల్వు సంఖ్య కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఫీలర్ గేజ్ రేకు కాస్త బిగువుగా జారాలి, ఇరుక్కోకూడదు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ పదిహేను థౌ, ప్లగ్గుల గ్యాప్ పాతిక థౌ. (సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాను: తొలినాళ్లలో స్పార్క్ ప్లగ్గుల్లో ఇన్సులేటర్‌గా అభ్రకం వాడేవారు, మన గూడూరు, సైదాపురం గనుల అభ్రకం విదేశాలకు ఎగుమతయ్యేది. మోటారు కార్ల చరిత్రతో ఈ జిల్లాకు ఉన్న ఆ సంబంధం ఇప్పుడు ఎవరికీ గుర్తున్నట్టు లేదు.) ఇవన్నీ సరిచూసుకొని, ఇంజన్ వేడెక్కాక, కార్బురేటర్‌లో స్లో రన్నింగ్ మిశ్రమాన్ని సర్దే స్క్రూను అరచుట్టు అరచుట్టు తిప్పుతూ చెవితో వింటే ఒకచోట శబ్దం నిండుగా, నిలకడగా వస్తుంది. ఈ పనికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు, తీరిక కావాలి.

ఇంతవరకు అరవై ఏళ్ల నాటి పద్ధతే. పేచీ ఆ తరువాత మొదలవుతుంది. కొత్త కార్లలో పొగగొట్టం దగ్గర ఉండే ఆక్సిజన్ సెన్సర్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి గాలి, పెట్రోలు మిశ్రమం ఎలా ఉందో కంప్యూటర్‌కు చెబుతుంది, అది ఇంధనం ఎంత చిమ్మాలో సర్దుకుంటుంది. నా హెరాల్డ్‌లో ఉన్న సోలెక్స్ కంపెనీ కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అందులో ఉన్నది ఇత్తడి జెట్టు, దానికి ఒక రంధ్రం. ఆ రంధ్రం ఎంత ఉంటే అంతే ఇంధనం పోతుంది. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో దానికి 14.7 రెట్ల గాలి కావాలి, ఎథనాల్‌కు 9 రెట్లు చాలు. ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ లెక్క సుమారు 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం అందాలి; పాత జెట్టు దాన్ని అందించలేదు. మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం ఉండదు. పొద్దున స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ తడబడడం, కార్బురేటర్ నోట్లోంచి తుమ్మినట్టు శబ్దం రావడం, ప్లగ్గు విప్పి చూస్తే లేత గోధుమ రంగులో ఉండవలసిన కొన సున్నం పూసినట్టు తెల్లగా ఉండడం దానికి గుర్తులు. అలాగే నడిపితే ఇంజన్ వేడెక్కుతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు దెబ్బతింటాయి.

దీనికి మందు లేకపోలేదు. సోలెక్స్ జెట్ల మీద ముద్రించిన సంఖ్య రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 110 అని ఉంటే 1.10 మిల్లీమీటర్లు. రంధ్రం వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు కాబట్టి 110 ఉన్నచోట 115 వేసి, రోడ్డు మీద కొంతదూరం నడిపి, ప్లగ్గు రంగు చూసుకుంటే సరిపోతుంది. కొత్త జెట్టు ఎందుకు, సూదితో కాస్త గీరితే రంధ్రం పెద్దదవుతుంది కదా అని ఒక షెడ్డులో నాకు ఉచిత సలహా కూడా దొరికింది. దయచేసి ఎవరూ ఆ పని చేయించుకోవద్దు, గీరిన జెట్టు కొలత ఇక ఎవరికీ తెలియదు.

అయితే జెట్టు మార్చే ముందు ట్యాంకులో పోసినది ఏమిటో తెలియాలి గదా. నా ఫిర్యాదంతా అక్కడే ఉంది. ఒక బంకులో పది శాతమా, ఇరవై శాతమా అని అడిగితే పెట్రోలు పట్టే అబ్బాయి తెలియదన్నాడు, మేనేజరు గారిని అడిగితే కంపెనీ పంపినదే పోస్తున్నామన్నారు. పంపు మీద ధర ఉంది, సాంద్రత వివరం ఉంది, అసలు శాతం మాత్రం ఎక్కడా కనబడలేదు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు చెప్పినవారు లేరు. ఇరవైకి సర్దిన జెట్టుతో పది శాతం పెట్రోలు పోస్తే మిశ్రమం చిక్కబడి ప్లగ్గులు నల్లబడతాయి, పదికి సర్దినదానికి ఇరవై పోస్తే తెల్లబడతాయి. కారు యజమాని ఏది నమ్ముకుని ట్యూన్ చేయాలి?

ఇంధనం దారిలో ఉన్న రబ్బరు సంగతి ఇంకొకటి. ఇంజన్‌కు పెట్రోలు తోడే పాత ఏసీ కంపెనీ పంపులోని డయాఫ్రం (కదిలే పొర), పాతకాలపు పెట్రోలు గొట్టాలు, కార్కు గ్యాస్కెట్లు ఎథనాల్‌కు ఉబ్బుతాయి లేదా పెళుసెక్కుతాయి. వైటాన్ రకం రబ్బరు అయితే తట్టుకుంటుంది. పైగా ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం లాంటి సముద్రం చెంతన ఉన్న ఊళ్లలో నెలకొకసారి మాత్రమే బయటికి తీసే కారు ట్యాంకులో తుప్పు మొదలవడానికి ఇది చాలు. అప్పటికే ట్యాంకులో పేరుకున్న మడ్డిని కూడా ఎథనాల్ కరిగించి తెచ్చి ఫిల్టరులో పడేస్తుంది. ఒక్క విషయంలో మాత్రం నిందను ఎథనాల్ మీదికి నెట్టను. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పెట్రోలు దారిలోనే ఆవిరై కారు ఆగిపోయి, ఇంజన్ దగ్గరున్న పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తే గానీ కదలకపోవడం ఈ బండ్లకు మొదటినుంచీ ఉన్న జబ్బే.

ఇంధనం మారడం కొత్త కాదని కొందరు మిత్రులు అంటారు. నిజమే. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇంజన్లలో వాల్వు సీట్లను (వాల్వులు ఆనే అంచులను) కాపాడుతూ వచ్చిన సీసం పోయింది కనుక హెడ్డు విప్పి గట్టి లోహపు సీట్లు వేయించుకున్నాం. సీసం విషం, అది పోవడమే న్యాయం. అప్పుడు తేదీ తెలుసు, పెట్రోలులో ఏం మారిందో తెలుసు. ఎథనాల్ విషయంలో 2003లో మన రాష్ట్రంతో సహా కొన్ని రాష్ట్రాల్లో ఐదు శాతంతో మొదలై, 2022లో దేశవ్యాప్తంగా సగటు పది శాతానికి చేరి, 2025కల్లా ఇరవై అయింది. బంకుకు వెళ్లేవాడికి ఈ మెట్లలో ఏదీ కనబడలేదు.

హెరాల్డ్ పుట్టిన దేశంలో ఏం చేశారో చూడండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలును పది శాతం ఎథనాల్‌కు మార్చారు. అదే సమయంలో 97 ఆక్టేన్ సూపర్ గ్రేడును ఐదు శాతం మించకుండా ఉంచి, పాత బండ్లవారు అది వాడుకోవాలని చెప్పారు. రెండు పంపుల మీదా గుండ్రటి గుర్తులో ఈ5, ఈ10 అని కనబడేలా అంటించారు. సూపర్ గ్రేడు ధర ఎక్కువే. మా బోటివాళ్లం ఇక్కడైనా ఆ తేడా చెల్లించడానికి సిద్ధమే, రాయితీ అడగడం లేదు.

ఎథనాల్ విధానాన్ని నేను వ్యతిరేకించడం లేదని కూడా చెప్పాలి. నూకలకూ, మొక్కజొన్నకూ, చెరకుకూ మరో కొనుగోలుదారు దొరికితే వరి పండించే ఈ జిల్లా రైతుకు మేలే, విదేశీ చమురు బిల్లు తగ్గితే దేశానికి మేలే. ఎథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసిన సంగతీ తెలుసు. కోర్టు కొట్టివేసినంత మాత్రాన చమురు కంపెనీలు తమంతట తాము పంపు మీద ఒక సంఖ్య రాయకూడదని ఎవరూ అనలేదు.

గుప్పెడుమంది పాత కార్ల పిచ్చివాళ్ల కోసం ఇంత తతంగమా అనే ప్రశ్న వస్తుంది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్ర రవాణా శాఖే 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కొత్తగా రిజిస్టరు చేయడానికి 20,000 రూపాయల రుసుము, నంబరులో వీఏ అనే అక్షరాలు. అప్పటికే రిజిస్టరైన వాటికి పాత నంబరే ఉంచుకునే వీలు. రోజువారీ తిరుగుడుకు వాడకూడదనే షరతు కూడా ఉంది. వారసత్వ సంపదగా గుర్తించిన వాహనానికి తాగడానికి తగిన ఇంధనం ఏదో చెప్పకపోవడం అసంపూర్తి పని. అంతకంటే ముఖ్యంగా ఇది హెరాల్డ్‌తో ఆగే సమస్య కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చేదాకా మన రోడ్ల మీదికి వచ్చిన మోటారు సైకిళ్లలో అత్యధికం కార్బురేటర్‌వే. పాలక్యాన్లు కట్టుకుని కోవూరు నుంచి పెన్నా వంతెన దాటివచ్చే బండ్లు, ఒంగోలు ఊరవతల నుంచి కూరగాయలు తెచ్చే బండ్లు అవే. వాటి జెట్లూ పాత పెట్రోలుకు కొలిచి పెట్టినవే. ఆ బండి తడబడితే దాని యజమాని ప్లగ్గు మార్పిస్తాడు, ఆయిల్ మార్పిస్తాడు, చివరికి మెకానిక్‌ను తిడతాడు. పెట్రోలు మారిందని అతనికి తోచే అవకాశమే లేదు.

కాబట్టి మూడు విషయాలపై చమురు కంపెనీల జిల్లా అధికారులను మీ విలేకరుల ద్వారా అడిగించవలసిందిగా కోరుతున్నాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల బంకులకు ఇప్పుడు వస్తున్న మామూలు పెట్రోలులోనూ, ప్రీమియం పెట్రోలులోనూ ఎథనాల్ ఎంతెంత? దానిని పంపు మీద తెలుగులో రాయడానికి అడ్డం ఏమిటి? తక్కువ ఎథనాల్ ఉన్న రకం ఏదైనా ఈ రెండు జిల్లాల్లో దొరుకుతుందా, దొరికితే ఏ ఊళ్లో? వారిచ్చే జవాబు ఏదైనా సరే, దానిని ఇదే శీర్షికలో ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక హెరాల్డ్ యజమాని,
మూలాపేట, నెల్లూరు.