లైనక్స్ పాఠం తెలుగు ఫైళ్లతో చెప్పాలి

సంపాదకులకు,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లలో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకుంటున్న డీటీపీ సెంటర్లు, చిన్న ఆఫీసులు నగరంలో ఉన్నాయి. బాగా నడిచే యంత్రం తుక్కులో పడకపోవడం సంతోషమే. అయితే వేసుకున్న మర్నాడే ఎదురయ్యే ప్రశ్న ‘నా ఫైలు ఎక్కడుంది?’ అన్నది. అమీర్‌పేట కోర్సుల్లో దీనికి ఫైళ్లను పేరుతో వెతికే ఫైండ్, లోపలి మాటతో వెతికే గ్రెప్ అనే ఆదేశాలు చెబుతారు గానీ సాధన అంతా మామూలుగా ఇంగ్లిషు పేర్ల ఫైళ్ల మీదే. పెళ్లిపత్రికలు, కరపత్రాలతో నిండిన చిక్కడపల్లి ప్రెస్సు హార్డ్ డిస్కు మీద అవే ఆదేశాలు ఎందుకు బెసుకుతాయో కూడా నేర్పాలని శిక్షణ సంస్థలను, ఇంజినీరింగ్ కళాశాలలను కోరుతున్నాం. (ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాం. టైపు చేయాల్సింది ఇంగ్లిషు అక్షరాల్లోనే.)

ఫైలు లోపలి మాటను వెతికేది గ్రెప్. హైఫన్ చిన్న ఆర్ ఇస్తే లోపలి ఫోల్డర్లన్నీ గాలిస్తుంది, హైఫన్ చిన్న ఎల్ ఇస్తే మాట దొరికిన ఫైళ్ల పేర్లు మాత్రమే చూపుతుంది. అది పోల్చేది కంటికి కనిపించే అక్షరాలను కాదు, వాటి వెనకున్న యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేత పట్టిక) సంకేతాలను. ‘కూకట్‌పల్లి’ అని రాసేటప్పుడు ట కింద ప వత్తు పడకుండా కొందరి కీబోర్డు మధ్యలో కనిపించని సంకేతం ఒకటి పెడుతుంది. కొందరు అది లేకుండా ‘కూకట్పల్లి’ అని కొడతారు, ఇంకొందరు ఖాళీ వదిలి ‘కూకట్ పల్లి’ అంటారు. గ్రెప్‌కు ఇవి మూడు వేర్వేరు మాటలు. ఒకటి వెతికితే మిగతా రెండూ దొరకవు, తప్పు జరిగిందన్న హెచ్చరికా రాదు. అందుకే హైఫన్ పెద్ద ఈ ఇచ్చి, ‘కూకట్’కూ ‘పల్లి’కీ నడుమ చుక్క, దాని వెంటనే ప్రశ్నార్థకం పెట్టి, మొత్తాన్ని కొటేషన్లలో ఉంచాలి. ‘ఇక్కడ ఏదో ఒక అక్షరం ఉండొచ్చు, లేకపోనూ వచ్చు’ అని దానర్థం. మూడూ దొరుకుతాయి.

ఇది కూడా లొకేల్ (కంప్యూటర్లో భాష, అక్షరాల అమరిక) యూటీఎఫ్-8లో (యూనికోడ్ సంకేతాలను బైట్లుగా దాచే పద్ధతి) ఉంటేనే. లొకేల్ అని కొట్టి చూడండి. సీ లేదా పోసిక్స్ అని వస్తే చుక్క ఒక అక్షరానికి కాక ఒక బైటుకే సరిపోతుంది. ఆ కనిపించని సంకేతం మూడు బైట్లది కాబట్టి అది ఉన్న రూపం మళ్లీ దొరకదు.

పాత నోట్‌ప్యాడ్‌లో ‘యూనికోడ్’ అని ఎంచుకుని దాచినవి యూటీఎఫ్-16 అనే మరో పద్ధతి ఫైళ్లు. తెలుగు మాట ఎదురుగా ఉన్నా గ్రెప్‌కు కనబడదు. ఫైల్ అనే ఆదేశం అది ఏ రకమో చెబుతుంది, ఐకాన్వ్ దాన్ని యూటీఎఫ్-8కు మారుస్తుంది. అను ఫాంట్లలో కొట్టిన పాత మేటర్ సంగతి వేరు. అందులో ఉన్నవి అసలు తెలుగు సంకేతాలే కావు, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చేదాకా ఏ ఆదేశమూ పనికిరాదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లకైతే ముందు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్టుగా మార్చడం) తప్పదు.

పేర్ల పొడవు మరో చిక్కు. లైనక్స్‌లో సాధారణంగా వాడే ఫైల్ సిస్టం (డిస్కులో ఫైళ్లు దాచే పద్ధతి) ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు. ‘శ్రీ’ చూడటానికి ఒక్క అక్షరమే అయినా నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. మొత్తం పేరు 85 సంకేతాలకు మించదన్నమాట. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్ లెక్క బైట్లలో కాదు, అక్కడ 255 సంకేతాల దాకా చెల్లుతుంది. కాబట్టి వధూవరుల పేర్లు, తేదీ, కల్యాణ మండపం అన్నీ కలిపి పెట్టిన పేరు అక్కడ నిలుస్తుంది, ఇక్కడికి కాపీ చేసేటప్పుడు ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని ఆగిపోతుంది. తెరపై వరుసలు పరిగెడుతుంటే ఆ ఒక్క ఫైలు రాలేదని ఎవరూ గమనించరు. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూడాలి: ఫైండ్‌కు హైఫన్ టైప్ ఎఫ్ ఇచ్చి, ఫలితాన్ని పైపుతో (నిలువు గీత గుర్తు) వరుసలు లెక్కపెట్టే డబ్ల్యూసీ హైఫన్ ఎల్‌కు పంపితే చాలు.

ఫైండ్‌లో నక్షత్రం గుర్తున్న పేరును కొటేషన్లలోనే పెట్టాలి. లేకుంటే ప్రస్తుత ఫోల్డర్లో సరిపోయే పేర్లను షెల్ (మన ఆదేశాలు అందుకుని నడిపే ప్రోగ్రాం) ముందే అక్కడ నింపేస్తుంది, వెతుకులాట దారి తప్పుతుంది. అన్నిటికంటే ప్రమాదం హైఫన్ డిలీట్. ఫైండ్ షరతులను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. పేరు షరతు కంటే ముందు డిలీట్ రాస్తే, పేరు చూడకుండానే ఆ ఫోల్డర్లో ఉన్నదంతా చెరిపేస్తుంది. రీసైకిల్ బిన్ ఉండదు. మొదట డిలీట్ లేకుండా నడిపి జాబితా చదవాలి, ఆ తర్వాతే చివర్లో చేర్చాలి. ఫైళ్లను తరలించే ఎంవీ కూడా అదే పేరుతో ఉన్న పాత ఫైలును మామూలుగా అడగకుండానే తుడిచేస్తుంది, హైఫన్ ఐ ఇస్తే అడుగుతుంది.

ఈ పాఠానికి కొత్త ల్యాబు, ఖర్చు అక్కర్లేదు. సాధన ఫోల్డర్లో మూడు రకాల ‘కూకట్‌పల్లి’, ఒక యూటీఎఫ్-16 ఫైలు, అను ఫాంట్ మేటర్ ఒకటి, పేరులో ఖాళీలున్న నాలుగైదు ఫైళ్లు ఉంచి, అన్నీ వెతికి తీయమని ప్రాక్టికల్ పరీక్షలో అడగండి. అను మేటర్ నేరుగా ఎందుకు దొరకలేదో రాసిన విద్యార్థికి మార్కులు వేయండి.

– లైనక్స్ శిక్షకులు, హైదరాబాద్