2025 కోత, కొత్త ధరలు, నిరుడు మీకు చెప్పకుండా ఉంచిన ఒక విషయం

మా తోట నుంచి వైన్ తెప్పించుకుంటున్న మీ అందరికీ నమస్కారం. గ్రీసు దేశంలోని సాంటోరినీ ద్వీపంలో మా ద్రాక్ష కోత ఆగస్టు మూడో వారానికి ముగిసింది. ట్యాంకుల్లోకి, పీపాల్లోకి ఎంత రసం చేరిందో ఇప్పుడు లెక్క తేలింది కాబట్టి, మీకు ఏమి పంపగలనో, ఏమి పంపలేనో, ధర ఎందుకు పెంచవలసి వచ్చిందో ఈ ఉత్తరంలో వివరిస్తున్నాను. వాటితోపాటు, 2024 వైన్ గురించి మీకు ముందే చెప్పవలసి ఉండి కూడా నేను చెప్పని సంగతి ఒకటి ఉంది.

మెగాలోహోరి ఊరి బయట మా మామగారి వాటాకు వచ్చిన భూమి పద్ధెనిమిది స్ట్రెమ్మాలు, అంటే మన కొలతలో దాదాపు నాలుగున్నర ఎకరాలు. 2022లో ఈ తోటలో ఐదు టన్నుల ద్రాక్ష పండింది. ఈ ఏడాది తూకం వేస్తే 1,900 కిలోలు వచ్చింది. అందులో 1,300 కిలోలు డ్రై వైన్‌కు, అంటే తీపి మిగలకుండా పూర్తిగా పులియబెట్టే వైన్‌కు, పెట్టాము. అది 750 మిల్లీలీటర్ల సీసాలు వెయ్యికి కొంచెం పైగా అవుతుంది. మిగిలిన 600 కిలోలను ఎండబెట్టి మా తీపి వైన్ విన్‌శాంటో చేస్తున్నాము. బాగా ముగ్గిన కాయతో చేసి పీపాలో ఉంచే నిక్తేరి అనే డ్రై వైన్ ఈ ఏడాది చేయలేదు.

దిగుబడి ఇంతగా పడిపోవడానికి కారణం ప్రధానంగా కరువు. ఈ ద్వీపంలో వాన చలికాలంలోనే పడుతుంది, అదీ కొద్దిగానే. వేసవిలో చినుకు ఉండదు. రాత్రిపూట సముద్రం మీద నుంచి వచ్చే తేమను నేలలోని నురుగురాయి పీల్చుకుని పగలు వేళ్లకు అందిస్తుంది కాబట్టే తరతరాలుగా ఇక్కడ నీరు పెట్టకుండా ద్రాక్ష పండించగలిగారు. కానీ చలికాలపు వాన కూడా లేకపోతే ఆ తేమ ఒక్కటే చాలదు. 2023, 2024 సంవత్సరాల్లో ద్వీపమంతటా పంట బాగా దెబ్బతిన్నది. మా తోటలో ఆ రెండేళ్ల నీరసం ఈ ఏడాది చిగుళ్లలోనూ కనిపించింది.

రెండో కారణం భూకంపాలు. ఇక్కడ తీగలను పందిరి మీదకు ఎక్కించరు. ఈదురుగాలికి, వేసవిలో వీచే మెల్తెమి గాలికి గుత్తులు దెబ్బతినకుండా, చలికాలంలో కొమ్మలు కత్తిరించి, మిగిలిన తీగలను నేలబారున గుండ్రంగా అల్లుతారు. దానిని కూలూరా అంటారు. నీళ్ల బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురును కాస్త పెద్దదిగా ఊహించుకుంటే దాని ఆకారం మీకు తెలిసిపోతుంది. ఆ అల్లిక లోపల గుత్తులు గాలికీ ఇసుకకూ తగలకుండా పెరుగుతాయి. ఈ పని జనవరి, ఫిబ్రవరి నెలల్లో జరగాలి. సరిగ్గా అప్పుడే, 2025 జనవరి చివర, సాంటోరినీకీ, అమోర్గోస్ అనే మరో ద్వీపానికీ మధ్య సముద్రంలో భూమి అదరడం మొదలైంది. ఫిబ్రవరి 6న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 10వ తేదీన 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ద్వీపం నుంచి పదకొండు వేల మందికి పైగా ఓడల్లో, విమానాల్లో వెళ్లిపోయారు. తీగలు అల్లే మా మనుషులు కూడా వెళ్లారు. వారిని నేను తప్పు పట్టను.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం కనావాలో ఉన్నాను. కనావా అంటే అగ్నిపర్వతపు బూడిద నేలను గుహలా తొలిచి కట్టిన పాతకాలపు వైన్ గది. పీపా మీద చెయ్యి పెట్టి నిలబడితే, శబ్దం వినిపించక ముందే చెక్కలో అదురు అరచేతికి తెలిసింది. తరువాత గూటిలోని గాజు గ్లాసులు గలగలలాడాయి. మా అత్తగారు 1956 జూలై నాటి పెద్ద భూకంపాన్ని చిన్నపిల్లగా చూసినవారు. ఆమె ఒక్క మాటా మాట్లాడకుండా పీపాల కింద చెక్క ముక్కలు బిగించడం మొదలుపెట్టారు. మరుసటి రోజు ఆమెను ఏథెన్స్ ఓడ ఎక్కించాము. ఆమెతో వెళ్లిన మా ఆయన మూడు వారాల తరువాత తిరిగి వచ్చేనాటికి తోటలో సగానికి పైగా తీగలు కత్తిరించకుండానే ఉన్నాయి. మార్చిలో ఇద్దరమే నడుములు పడిపోయేలా వంగి పని పూర్తి చేశాము గాని, ఆలస్యంగా అల్లిన వరుసల్లో కాపు తక్కువగా వచ్చిందని కోత నాటికి స్పష్టంగా తెలిసింది.

ఇక నేను చెప్పని సంగతి. 2024లో మా తోట పంట రెండు టన్నులు కూడా దాటకపోవడంతో, అప్పటికే మీ నుంచి వచ్చిన ఆర్డర్లను కాదనలేక, ఒక పొరుగు రైతు దగ్గర 700 కిలోల అసిర్తికో (ఈ ద్వీపపు తెల్ల ద్రాక్ష రకం) కొని మా ద్రాక్షతో కలిపి పులియబెట్టాను. అది కూడా ఈ ద్వీపంలో పండినదే కాబట్టి సీసా మీద సాంటోరినీ పేరు వేయడంలో చట్టపరంగా ఏ తప్పూ లేదు. కానీ మా గదికి వచ్చిన ప్రతి ఒక్కరితోనూ, మీలో చాలామందితో కూడా, 'ఇందులో మా తోట ద్రాక్ష తప్ప మరొకటి ఉండదు' అని నా నోటితో చెప్పాను. 2024 సీసాల విషయంలో ఆ మాట నిజం కాదు. ఆ ద్రాక్ష మేము కోసేదానికన్నా వారం ముందే కోసినది కావడంతో వైన్ కొంత పలచగా వచ్చింది. మ్యూనిక్ నుంచి ఒకరు, రాటర్‌డామ్ నుంచి ఇద్దరు 'ఈసారి ఎందుకో తేలికగా ఉంది' అని రాసినప్పుడు, ఎండల ప్రభావమని జవాబిచ్చాను. అది సగం నిజమే. ఆ జవాబు ఇచ్చినందుకు నేను నిజంగా బాధపడుతున్నాను, మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాను. 2024 డ్రై వైన్ కొన్నవారు తెరవని సీసాలను వెనక్కి పంపితే, రవాణా ఖర్చుతో సహా డబ్బు తిరిగి ఇస్తాను. ఇకమీదట బయటి ద్రాక్ష కలిపితే సీసా వెనుక చీటీ మీద ఆ విషయం అచ్చువేస్తాను. ఈ ఏడాది కలపలేదు.

ధర విషయం. డ్రై వైన్ సీసా నిరుడు 34 యూరోలు ఉండగా ఇప్పుడు 42 అవుతుంది. తోట ఐదు టన్నులు ఇచ్చినా రెండు టన్నులు ఇచ్చినా కత్తిరింపులకు, దున్నకానికి, విద్యుత్తుకు, గాజుకు, బిరడాకు అయ్యే ఖర్చు పెద్దగా తగ్గదు. కూలూరా అల్లడం తెలిసినవారు ఏటా తగ్గిపోతున్నారు, ఆ పని తెలిసినవారికి మంచి కూలి ఇవ్వడం న్యాయం. తోటలను చదును చేసి విడిది ఇళ్లు కట్టేవారు ఎకరానికి ఇచ్చే ధర చూస్తే, ఈ ద్వీపంలో ఇంకా ద్రాక్ష పండించే కుటుంబాలు ఉండటమే నాకు ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

వెయ్యి సీసాల డ్రై వైన్ మాత్రమే ఉన్నప్పుడు 600 కిలోలు విన్‌శాంటోకు ఎందుకు కేటాయించారని మీరు అడగవచ్చు. మా ఇంట్లో కూడా ఈ ప్రశ్న గట్టిగానే వచ్చింది. మా ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు: ఆ 600 కిలోలతో డ్రై వైన్ చేస్తే దాదాపు 480 సీసాలు, అవి వచ్చే వసంతంలోనే అమ్ముడైపోతాయి, ఇరవై వేల యూరోలు చేతికి వస్తాయి. విన్‌శాంటో చేస్తే అర లీటరు సీసాలు రెండు వందలు, సీసా 60 యూరోలు, అదీ కొన్నేళ్ల తరువాత. లెక్క ఆయనదే సరైనది. అయినా మా అత్తగారు, నేను ఒక పక్కన నిలబడ్డాము.

ఎందుకంటే విన్‌శాంటో ఒక ఏడాది ఆపితే, ఆ లోటు పీపాల వరుసలో ఎప్పటికీ పూడదు. చట్టం ప్రకారం అది కనీసం ఇరవై నాలుగు నెలలు ఓక్ పీపాలో ఉండాలి. మా ఇంట్లో ఆరేడేళ్లకు తక్కువ ఉంచము. బాగా పండిన అసిర్తికో, దానికి తోడుగా మరో తెల్ల ద్రాక్ష రకమైన ఆయ్‌దాని గుత్తులను కోసి, తోట పక్కనే నేల మీద పరిచి దాదాపు రెండు వారాలు ఎండలో ఉంచుతాము. మన ఊళ్లో మిరపకాయలు కళ్లంలో ఆరబోసినట్టే ఉంటుంది, కాకపోతే ప్రతి గుత్తినీ చేత్తో పట్టుకుని తిరగేయాలి. మొదటి మూడు రోజులు కాయ బంగారు రంగులోనే ఉంటుంది. ఆ తరువాత తొక్క ముడతలు పడుతుంది, తేనె రంగు వస్తుంది, వేళ్లకు జిగురు అంటుకుంటుంది, కందిరీగలు మూగుతాయి. చివరకు బరువు సగానికి పైగా తగ్గిపోతుంది. దానిని కాళ్లతో తొక్కితే వచ్చే రసం చిక్కటి పానకంలా దారగా జారుతుంది. అంత చక్కెరలో పులియడం నెలల తరబడి నెమ్మదిగా సాగి, తీపి ఎంతో మిగిలి ఉండగానే ఆగిపోతుంది.

అంత తీపి ఉన్నా ఆ వైన్ మొహం మొత్తకపోవడానికి కారణం అసిర్తికోలోని పులుపు. ఈ బూడిద నేలలో, ఇక్కడివారు ఆస్పా అనే ఈ నేలలో, బంకమన్ను దాదాపు లేదు, పొటాషియం చాలా తక్కువ; అందువల్ల కాయ పండినా పులుపు నిలబడుతుంది. బంకమన్ను లేకపోవడం మరో మేలు కూడా చేసింది. ఐరోపా తోటలను నాశనం చేసిన ఫిలోక్సెరా పురుగు ఈ నేలలో బతకలేదు కాబట్టి ఇక్కడి తీగలు అంటు కట్టినవి కావు, సొంత వేళ్ల మీదనే నిలిచి ఉన్నాయి. కూలూరా మరీ ముసలిదైపోతే పైభాగం నరికి, అదే వేరు నుంచి వచ్చిన చిగురుతో కొత్తది అల్లుతారు. మా తోటలో ఈ మూడేళ్లలో చచ్చిపోయిన తీగల చోట నర్సరీ మొక్కలు నాటకుండా, పక్క తీగ కొమ్మను మట్టిలోకి వంచి నేలంటు తొక్కడం ఈ చలికాలంలో మొదలుపెడతాము. అవి కాపుకు రావడానికి సమయం పడుతుంది. అందువల్ల వచ్చే రెండు మూడేళ్లలో డ్రై వైన్ సీసాల సంఖ్య పెరుగుతుందని మీకు మాట ఇవ్వలేను.

ఒకప్పుడు ఈ ద్వీపపు విన్‌శాంటో రష్యా చర్చిల్లో ఆరాధనకు ఓడల నిండా వెళ్లేది. ఇప్పుడు చేసేవారు కొద్దిమంది, చేసేది కొద్ది. కృష్ణా జిల్లాలో వరి, చెరకు పండించే ఇంట్లో పుట్టిన నాకు ఈ పని నేర్పింది మా అత్తగారు. ఆమె చేయి ఆడుతుండగా ఒక్క ఏడాది కూడా మానకూడదని నా పట్టుదల.

నిక్తేరి కోసం అడిగినవారికి: ఎండ వేడి తగలకుండా కోసిన రోజే రాత్రంతా మేలుకుని పిండేవారు కాబట్టి, రాత్రి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. దానికి బాగా ముగ్గిన కాయ కావాలి, ఆల్కహాల్ 13.5 శాతానికి తగ్గకూడదు, ఓక్ పీపాలో కనీసం మూడు నెలలు ఉండాలి. విడిగా ఒక పీపా నింపేంత మంచి కాయ ఈ ఏడాది లేదు. పేరు కోసం చేయడం నాకు ఇష్టం లేదు.

జూలైలో పంపిన పార్సిళ్ల గురించి కొందరు రాశారు. ఎండలో ఎక్కడో గోదాములో నిలిచిపోయి, బిరడాలు పైకి తన్నుకొచ్చి, వైన్ కారిన సీసాలు అందాయి. ఆ నెలలో పంపడానికి ఒప్పుకోవడం నా పొరపాటు. అలా అందిన ప్రతి సీసాకూ వేరే సీసా ఉచితంగా వస్తుంది, ఎన్ని సీసాలో రాస్తే చాలు. ఇకనుంచి జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఏ దేశానికీ పంపము. హైదరాబాద్, విజయవాడ చిరునామాలకు పంపమని అడిగేవారికి ఆ వీలు లేదని మళ్లీ చెప్పవలసి వస్తున్నది. భారతదేశానికి వెళ్లే ప్రయాణికులు తమ వెంట రెండు లీటర్ల వరకు సుంకం లేకుండా తీసుకువెళ్లవచ్చు, అంటే డ్రై వైన్ రెండు సీసాలు, విన్‌శాంటో ఒకటి సరిగ్గా సరిపోతాయి.

డ్రై వైన్‌ను గడ్డకట్టేంత చల్లగా తాగితే దాని రుచి మూసుకుపోతుంది. ఫ్రిజ్ నుంచి తీసి పావుగంట ఆగి, వేయించిన చేపతోనో రొయ్యలతోనో తాగి చూడండి. చింతపండు పులుసుతో మాత్రం వద్దు, పులుపు మీద పులుపు పడుతుంది.

2025 డ్రై వైన్ ఏప్రిల్‌లో సీసాల్లోకి ఎక్కుతుంది, మే నెలాఖరులోగా పంపడం పూర్తవుతుంది. ఒక్కో ఇంటికి ఆరు సీసాలకు మించి ఇవ్వలేను. ఇంతకుముందు మా దగ్గర కొన్నవారికి డిసెంబరు 15 వరకు విడిగా ఉంచుతాను. 2018 విన్‌శాంటో నవంబరులో బయలుదేరుతుంది, ధర మారలేదు.