సంక్రాంతి వెళ్లాక చెట్ల మీద మిగిలిన గాలిపటాల మాంజా దారం గురించి అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. పోయిన సంక్రాంతి వెళ్లిన పదో రోజు పొద్దున, మా డాబా ఎదురుగా వేపచెట్టుకు ఒక గద్ద తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. ఎడమ రెక్క మడతలో మాంజా బిగుసుకుంది. కొట్టుకున్న కొద్దీ లోపలికి కోసుకుపోయింది. నిచ్చెన వేసి, గోనెసంచి కప్పి దింపేసరికి మధ్యాహ్నమైంది. దారం విప్పితే తెల్లగా ఎముక కనబడింది. అది అరవలేదు, ముక్కుతో పొడవలేదు. కళ్లార్పకుండా మావైపే చూసింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. పండగ ముందు షాపుల్లో సోదాలు జరుగుతాయి, మంచిదే. నేను అడిగేది పండగ తర్వాతి సంగతి. నూలుదారమైతే ఎండకూ వానకూ చివికిపోతుంది. నైలాన్ అలా పోదు. చెట్లకూ కరెంటు తీగలకూ నెలల తరబడి వేలాడుతుంది.

గద్దలకు సరిగ్గా అదే గూడు కట్టే కాలం. ఎత్తైన చెట్టు మీద పుల్లలు పేర్చి, లోపల గుడ్డపేలికలు, కాగితాలు, దారాలు, ఏది దొరికితే అది పరుస్తాయి. అలా మాంజా కూడా గూట్లోకి చేరుతుంది. గుడ్లు పొదగడానికి నెల, పిల్లలకు రెక్కలు రావడానికి మరో నెలన్నర. అన్నాళ్లూ ఆ పిల్లల కాళ్ల కిందే ఆ దారం! తల్లి పరిస్థితీ అంతే. వేడిగాలి మీద రెక్క ఆడించకుండా తేలుతూ, చూపంతా నేల మీద పెట్టి, చచ్చిన ఎలుక కనిపిస్తే ఒక్కసారిగా దిగుతుంది. దారిలో అడ్డంగా ఉన్న సన్నటి దారం దానికి ఎలా కనబడుతుంది? మన మటన్ షాపుల వెనక కుళ్లేదాన్ని రోజూ ఎత్తుకుపోయే పక్షి అది.

పండగ అయిన వారంలోనే చెట్ల మీది దారం తీయించండి. వీధిదీపాలు బిగించే క్రేన్ బండ్లు మున్సిపాలిటీ దగ్గర ఉన్నాయి. పక్షుల సంగతి తెలిసిన మీ సిబ్బందిని ఒకరిని తోడు పంపితే చాలు. గద్ద పొదుగుతున్న గూడు ఉంటే ఆ చెట్టును అప్పటికి వదిలేసి, పిల్లలు ఎగిరాక రావచ్చు.

మా వేపచెట్టు చిటారు కొమ్మకు ఇంకా నాలుగు మూరల దారం ఉంది. మా నిచ్చెన అందలేదు.

ఇట్లు,
సికింద్రాబాద్ నివాసి