గుమ్మడి గింజ పాఠం: తల్లిదండ్రులకు ఈ నెల లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

సార్వా, అంటే వానాకాలపు వరి, పనులు మొదలయ్యాయి. ఆకుమళ్ళు పోసి కాలవ నీటి కోసం చూస్తున్నవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు. అందుకే యూనిఫాం, బస్సు, పరీక్షల సంగతులు వెనక పేజీకి పంపి, ఇక్కడ ఒక మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు లిబర్టీ హైడ్ బెయిలీ. అమెరికాలో వ్యవసాయ విద్యకు, ముఖ్యంగా పల్లె బడుల్లో ప్రకృతి పాఠాలకు దారి వేసినవారిలో ఆయనది ముందు వరుస.

ఆయన సంగతి ఇప్పుడెందుకంటే, కొత్త తరగతుల్లో పిల్లలను తమ గురించి చెప్పమన్నప్పుడు కొందరు "మా నాన్న వ్యవసాయం" అనే మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేస్తున్నారు. కౌలుకు చేసే ఇళ్ళ పిల్లలైతే ఇంకా తగ్గిపోతున్నారు. అది నాకు చాలా బాధగా ఉంది.

బెయిలీ 1858 మార్చి 15న మిషిగన్ రాష్ట్రంలో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న సౌత్ హేవెన్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి పేరూ అదే. ఆయన వెర్మాంట్ నుంచి వలస వచ్చి, అడవి కొట్టి పొలం చేసుకున్న రైతు. ఆపిల్ తోట వేశారు. ఒకటి రెండు రకాలతో సరిపెట్టుకోకుండా ఎక్కడ కొత్త రకం ఉందంటే అక్కడి నుంచి తెచ్చి అంటు కట్టేవారు. తల్లి శారాకు పూలమొక్కలంటే ప్రాణం. బిడ్డకు ఐదేళ్ళ ప్రాయంలోనే ఆవిడ పోయారు. ఆ తర్వాత ఆ పిల్లవాడు తండ్రి వెంట తోటలో, చుట్టుపక్కల అడవిలో, అక్కడే ఉండే పొటావాటమీ ఆదివాసుల ఇరుగుపొరుగున పెరిగాడు. అంటు కట్టడం ఎంత బాగా పట్టుబడిందంటే, ఇరుగుపొరుగు తోటల్లో చెట్లకు కూడా అతనే కట్టేవాడు.

పుల్ల చెక్కి, కాండం చీల్చి, రెండింటి పచ్చి పొరా కలిసేలా అమర్చి గట్టిగా కట్టడం కడియం వైపు నర్సరీల్లో పనిచేసే తల్లిదండ్రులకు నేను చెప్పక్కర్లేదు. మీ చేతికి వచ్చిన ఆ పనే ఆయన మొదటి చదువు. డార్విన్ రచనలు కూడా ఆ ఇంట్లో ఉండగానే, చిన్న వయసులోనే చదివాడు. పదిహేనేళ్ళకే పండ్ల రైతుల సంఘం సభలో నిలబడి, పక్షులు తోటకు చేసే మేలు గురించి మాట్లాడాడు. పెద్దవాళ్ళు కూర్చుని విన్నారు. నాకు ఆయన జీవితం మొత్తంలో బాగా నచ్చే ఘట్టం ఇదే.

తర్వాత మిషిగన్ వ్యవసాయ కళాశాలలో పట్టా తీసుకుని, హార్వర్డ్‌లో ఆసా గ్రే అనే మహా వృక్షశాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. అక్కడే ఉండిపోతే పెద్ద పేరు వచ్చేది. ఆయన 1885లో తోటల పెంపకం పాఠాలు చెప్పడానికి తిరిగి మిషిగన్ వెళ్ళిపోయారు. ఇంత చదువు చదివి తోటల వెనక పడ్డాడేమిటని తోటి శాస్త్రవేత్తలు పెదవి విరిచారు. మన ఇళ్ళల్లో వినిపించే మాటే కదా ఇది?

1888లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1890ల్లో పంటకు ధర లేక, రైతు కుటుంబాలు పల్లె వదిలి పట్నం బాట పడుతున్న కాలంలో ఆయన పల్లె బడుల మీద దృష్టి పెట్టారు. 1896 నుంచి టీచర్ల కోసం చిన్న చిన్న కరపత్రాలు వెలువడ్డాయి. మొట్టమొదటిది ఆయనే రాశారు. విషయం: గుమ్మడి జాతి మొక్క గింజలోంచి ఎలా బయటికి వస్తుంది?

ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. మా ఆరో తరగతి పిల్లల చేత తడి గోనెపట్టా మీద గుమ్మడి గింజలు మొలకెత్తించాం. ముందు వేరు బయటికి వచ్చి కిందికి తిరిగింది. వేరు, కాండం కలిసే చోట అడుగు వైపున చిన్న మేకులాంటి బుడిపె లేచింది. అది గింజ కింది పెంకును నొక్కి పట్టుకుంటే, పైన కాండం విల్లులా వంగి, లోపలున్న రెండు బీజదళాలను లాగేస్తుంది. పెంకు నేల మీదే ఉండిపోతుంది. ఆ పట్టు సరిగ్గా దొరకని మొక్క మాత్రం పెంకును నెత్తిన పెట్టుకునే పైకి వస్తుంది. మీ దొడ్లో పాదుల దగ్గర ఎన్నిసార్లు చూసి ఉంటారో! రోజూ ఇంటర్వెల్‌లో గోనెపట్టా చుట్టూ మూగి "ఇవాళ ఊడిందా?" అని పిల్లలు పడ్డ ఆత్రం ఏ పాఠానికీ చూడలేదు.

బెయిలీ ఆడవాళ్ళను మరిచిపోలేదు. రైతు ఇల్లాళ్ళ కోసం చదువు పత్రికలు నడపడానికి 1900లో మార్తా వాన్ రెన్సెలర్ అనే ఆవిడను రప్పించారు. ఆవిడ మొదటి పత్రిక వంటింట్లో అనవసరంగా వేసే అడుగులు ఎలా తగ్గించుకోవాలో చెప్పింది. పొలం పనీ ఇంటి పనీ కలిపి మోసే తల్లులకు దాని విలువ తెలుసు. 1904లో కార్నెల్‌లో రాష్ట్ర వ్యవసాయ కళాశాల ఏర్పడింది. 1913 వరకు ఆయనే దాని అధిపతి. 1911లో అక్కడ మార్తా, ఆమె సహచరి ఫ్లోరా రోజ్ ఇద్దరూ పూర్తిస్థాయి ప్రొఫెసర్లయ్యారు.

ఇక కూతురు ఎథెల్. తండ్రితో దేశాలు తిరిగి, మొక్కల నమూనాలు సర్ది, ఆయన సేకరణను 1935లో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాక దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. వయసు మళ్ళాక బెయిలీ కొబ్బరి, తాటి జాతి చెట్ల మీద పడ్డారు. మిగతా మొక్కలను ఆరబెట్టి కాగితానికి అతికించినట్టు కొబ్బరి మట్టను అతికించలేరు కాబట్టి వాటి జోలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. 1948లో తొంభయ్యో పుట్టినరోజుకు కార్నెల్ వాళ్ళు వేడుక తలపెడితే, ఆ రోజుకు ఆయన వెస్టిండీస్ దీవుల్లో ఆ చెట్లు సేకరిస్తూ ఉన్నారు. ఆ వేడుకను ఆయన తిరిగొచ్చాక చేసుకున్నారు. 1954 డిసెంబర్ 25న కన్నుమూశారు.

మనకు ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. మారుటేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉంది. దేశమంతా వేసిన స్వర్ణ వడ్లు అక్కడివే. ఇంత సంపద మధ్య పెరిగే పిల్లవాడికి సార్వాకూ, రెండో పంట దాళ్వాకూ తేడా అడిగితే నీళ్ళు నమలకూడదని నా గట్టి కోరిక. ఇంజనీరో డాక్టరో కావద్దని నేను ఎవరికీ చెప్పను. ఏదైనా కానివ్వండి, తమ పొలం గురించి తల ఎత్తి మాట్లాడగలగాలి.

అందుకని వచ్చే నెల నుంచి ఐదు నుంచి ఎనిమిది తరగతుల వారికి శనివారం చివరి రెండు పీరియడ్లు బడి వెనక స్థలంలో సాగు తరగతులు పెడుతున్నాం. పిల్లలకు బురద అంటుతుంది. ఆ రోజు పాత బట్టలు వేసి పంపండి, యూనిఫాం వద్దు. చెప్పులు లేకుండా ఎవరినీ దింపం. పనిముట్లు పట్టించేటప్పుడు ఇద్దరు టీచర్లు పక్కనే ఉంటారు.

మీ నుంచి కావలసినవి: ఇంట్లో దాచిన బీర, సొర, గుమ్మడి గింజలు గుప్పెడు. అంటు కట్టడం, కొబ్బరి మొలకలు ఎంచడం, విత్తనం కట్టడం వచ్చిన అమ్మానాన్నలు, తాతలు, అమ్మమ్మలు ఒక శనివారం వచ్చి పాఠం చెప్పాలి. చదువు లేదని సంకోచించకండి. ఊడ్పులు అయ్యాక వీలున్న రోజు ఆఫీసులో చెబితే చాలు, పిల్లలను సిద్ధం చేసి ఉంచుతాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని