ఒక్క మూత్ర పరీక్షకు బిల్లులో ఇన్ని పద్దులా?

సంపాదకులకు,

ప్రైవేటు ల్యాబుల దోపిడీ మీద పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. స్కానింగుల గురించీ, గుండె పరీక్షల గురించీ రాశారు, సంతోషం. ఆసుపత్రి గడప తొక్కిన ప్రతి మనిషికీ రాసే మూత్ర పరీక్ష ఊసే లేదు. చిన్న మొత్తమని వదిలేశారేమో. గుంటూరు కొత్తపేటలో పొద్దున్నుంచి రాత్రి దాకా జనం జేబులు ఖాళీ అయ్యేది ఇలాంటి చిన్న మొత్తాలతోనే.

కీళ్లనొప్పులని మా అత్తగారిని ఈ ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. బిల్లులో సీయూఈ (కంప్లీట్ యూరిన్ ఎగ్జామినేషన్, అంటే పూర్తి మూత్ర పరీక్ష) అని ఒక పద్దు. దాని కింద షుగర్, ఆల్బుమిన్ (ఒక రకం ప్రొటీన్), కీటోన్ బాడీస్, బైల్ సాల్ట్స్, మైక్రోస్కోపీ అంటూ మళ్లీ విడివిడిగా రేట్లు. సీయూఈ అంటేనే అవన్నీ కలిపి కదా! రంగు చూసి, గళ్ల స్ట్రిప్పు ఒక్కసారి ముంచితే షుగర్, ఆల్బుమిన్, కీటోన్లు రెండు నిమిషాల్లో తేలిపోతాయి. తర్వాత మైక్రోస్కోపు కింద చీము కణాలు, ఎర్రకణాలు చూస్తారు. ఒకే డబ్బా, ఒకే రిపోర్టు. అడిగితే ‘సిస్టమ్‌లో అలాగే ఉందండీ’ అన్నారు. ముందు రోజే వేరే ల్యాబులో చేయించిన రిపోర్టు చూపిస్తే ‘బయటివి మా డాక్టరుగారు చూడరు’ అన్నారు. పోనీ వీళ్ల రిపోర్టు మీద పాథాలజిస్టు సంతకం ఉందా అంటే అదీ లేదు. పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే సంతకం పెట్టాలని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చి చెప్పింది.

డబ్బు సంగతొక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ డబ్బా మధ్యాహ్నం దాకా బల్ల మీదే ఉంది. బయట ఉంచిన శాంపిలును రెండు గంటల్లోపు చూడాలి. లేకపోతే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, కణాలు చెడిపోతాయి. చివరికి ‘పస్ సెల్స్ (చీము కణాలు) ఎక్కువ’ అని యాంటీబయోటిక్ రాశారు. మంట లేదు, జ్వరం లేదు. వయసు మళ్లిన ఆడవాళ్లలో ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండడం తరచూ చూసేదే. గర్భిణులకు, మూత్రనాళాల ఆపరేషన్‌కు వెళ్లేవారికి తప్ప సాధారణంగా దానికి మందు అక్కర్లేదని వైద్యులు చదువుకునే పుస్తకాల్లోనే ఉంది. అనుమానముంటే కల్చర్, అంటే మూత్రంలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష, చేయించాలి. అది ఒకటి రెండు రోజులు పడుతుంది, అంతవరకూ ఆగేదెవరు? ఇలా ఎడాపెడా రాయబట్టే మూత్ర ఇన్‌ఫెక్షన్లు తెచ్చే ఈ.కోలై బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోతోంది.

ఇక చేయాల్సిన వారికేమో చేయరు. షుగరు ఉన్నవారికి ఏడాదికోసారైనా మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూడాలి. కొద్దిపాటి ఆల్బుమిన్ మామూలు స్ట్రిప్పుకు అందదు. కిడ్నీ దెబ్బతినడం మొదలైందని ముందుగా చెప్పేది అదే, అప్పుడైతే మందులతో ఆ జబ్బు జోరు తగ్గించవచ్చు. ఏళ్ల తరబడి షుగరు మాత్రలు మింగుతున్న మా వీధివాళ్లను అడిగాను. ఆ పరీక్ష పేరు విన్నవాళ్లే లేరు. ఎన్టీఆర్ జిల్లా ఏ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో చూశాక కూడా ఇంత నిర్లక్ష్యమా?

రైతుబజారులో వంకాయల ధర రోజూ బోర్డు మీద రాస్తారు. మనిషి ఒంటికి చేసే పరీక్ష ధర మాత్రం బిల్లు చేతికొచ్చాకే తెలియాలా? ప్రైవేటు వైద్య సంస్థల మీద మన రాష్ట్రానికి 2002 నుంచీ చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడు ఉండే అధికారులు ఆ తర్వాత ఎక్కడికి పోతున్నారు? పై నుంచి కింద దాకా అన్ని శాఖల్లోనూ ఇదే వరస, ఫిర్యాదు కాగితం తీసుకుని ముద్ర వేసిస్తారు, అంతే.

సీయూఈకి ఒకే పద్దు, ఒకే ధర అని తెలుగులో బోర్డు పెట్టించాలి. శాంపిలు ఎన్ని గంటలకు ఇచ్చారో, ఎన్ని గంటలకు చూశారో రిపోర్టులో రాయించాలి. ఈ లేఖ అచ్చు వేసేటట్టయితే జిల్లా వైద్యాధికారుల వివరణ కూడా అడిగి పక్కనే వేయండి.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు