బంతి తగిలితే ఫౌల్ కాదని ఇంకెన్నాళ్లు చెప్తారు?

స్పోర్ట్స్ ఛానల్‌లో ఫుట్‌బాల్ కామెంటరీ బాధ్యతలు చూసే అధికారి గారికి,

నమస్కారం. మెయిళ్లు పెట్టాను, రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలూ పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు కాబట్టి ఇలా నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

నేను స్కూల్ టోర్నమెంట్లలో రిఫరీగా చేస్తుంటాను. రాత్రి మీ కామెంటేటర్లు అన్న మాట మర్నాడు పొద్దున్నే గ్రౌండులో నా మీదకు వస్తుంది. ఈమధ్య అండర్-14 మ్యాచ్‌లో ఒక డిఫెండర్ స్లైడ్ చేశాడు. బూటు కొస బంతికి తగిలింది, నిజమే. అదే ఊపులో బూటు అడుగున ఉండే స్టడ్స్ (బొడిపెలు) అవతలి పిల్లాడి మోకాలి కింద గీసుకుపోయాయి. సాక్సు చిరిగి రక్తం వచ్చింది. విజిల్ వేసి ఎల్లో కార్డ్ చూపించాను. ఆ డిఫెండర్ తండ్రి లైను దాటి లోపలికి వచ్చేశాడు. "బాల్ తగిలింది కదా సార్, ఇంక ఫౌల్ ఎక్కడిది? టీవీలో రోజూ చెప్తూనే ఉన్నారు, మీరు చూడరా?" అని అందరి ముందూ అరిచాడు. కింద పడి ఏడుస్తున్న పిల్లాడి వైపు చూడనైనా లేదు.

ఆయన్ని ఏమనగలను? మీరు నేర్పిందే అప్పజెప్పాడు. దయచేసి మీవాళ్లతో ఫుట్‌బాల్ రూల్ బుక్‌లో ఫౌళ్ల గురించి చెప్పే పన్నెండో రూల్ ఒక్కసారి చదివించండి. ఆటగాడు అజాగ్రత్తగా వెళ్లాడా, ఎదుటివాడికి ప్రమాదమని లెక్కచేయకుండా వెళ్లాడా, మితిమీరిన బలం వాడాడా? రిఫరీ చూడాల్సింది ఇదీ. మొదటిదైతే ఫ్రీకిక్‌తో సరి, రెండోదైతే ఎల్లో కార్డ్ (హెచ్చరిక), మూడోదైతే రెడ్ కార్డ్ (బయటికి పంపడం). ముందు బంతి తగిలిందా, మనిషి తగిలాడా అన్న ప్రస్తావన పాత రూల్ బుక్‌లో ఉండేది. తీసేసి ఏళ్లు దాటింది. మీవాళ్ల నోటి నుంచి మాత్రం ఇంకా పోలేదు.

"అసలు తగల్లేదు, ఫౌల్ ఎలా ఇస్తాడు?" అన్నది ఇంకొకటి. తన్నబోయినా, కాలు అడ్డం పెట్టి పడేయబోయినా ఫౌలే.

"కావాలని చేయలేదు పాపం" అన్నది మరొకటి. 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ లీగ్‌లో వుల్వ్స్ జట్టుతో ఆడుతూ ఆర్సెనల్ జట్టు డిఫెండర్ డేవిడ్ లూయిజ్ వెనక నుంచి తగిలి ఎదుటివాణ్ని పడేశాడు. పెనాల్టీ ఇచ్చి రెడ్ చూపించారు. కావాలని చేయకపోవచ్చు. కానీ వుల్వ్స్‌కు గోల్ అవకాశం పోయింది, లూయిజ్ బంతి కోసం ప్రయత్నించనూ లేదు. ఆర్సెనల్ అప్పీల్ చేసినా కార్డ్ నిలిచింది. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లో బంతి కోసం ప్రయత్నించి ఫౌల్ చేసి గోల్ అవకాశం చెడగొడితే ఎల్లోతో సరిపెట్టాలని 2016లోనే మార్చారు. ఆ తేడా చెప్పడానికి అర నిమిషం చాలు. అది వదిలేసి "లాస్ట్ మ్యాన్, లాస్ట్ మ్యాన్" అంటారు, అంటే ఫౌల్ చేసినవాడు గోల్‌కీపర్ ముందు మిగిలిన చివరి డిఫెండర్ కాబట్టి రెడ్ అని. ఆ మాట రూల్ బుక్‌లో ఎక్కడా లేదండీ. గోల్ అవకాశం పోయిందా లేదా తేల్చడానికి గోల్ దూరం ఎంత, ఆట ఎటు పోతోంది, బంతి అందుతుందా, డిఫెండర్లు ఎక్కడ ఎంతమంది ఉన్నారు, ఇవే చూస్తారు.

మా దగ్గర రిఫరీ పరీక్ష పాసైన కుర్రాళ్లు ఈ తిట్లు పడలేక మానేస్తున్నారు. ఇది మీకు చిన్న విషయం కావచ్చు, మాకు కాదు.

కామెంటరీ బాక్స్‌లో రూల్స్ తెలిసిన రిఫరీని ఒకరిని కూర్చోబెట్టండి. తప్పు చెప్తే ఆ మ్యాచ్‌లోనే దిద్దుకోమనండి. రూల్ బుక్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కనీసం అదైనా చదివించండి. ఈ ఉత్తరానికైనా జవాబివ్వండి.

ఇట్లు,
ఒక స్కూల్ ఫుట్‌బాల్ రిఫరీ